మాస్టారి ప్రశ్న

“మా పాప పోయే ముందు ఏమంది? అదొక్కటి చెప్పు లింగమ్మా, చాలు.”

అమరేశ్వరరావు మాస్టారు లింగమ్మ గద్దె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. మాచర్ల హైస్కూల్లో సైన్సు చెబుతారు. దయ్యాల్లేవు, పూనకాల్లేవు అని పల్నాడంతా తిరిగే మనిషి. ఏ ఊళ్ళో అయినా చచ్చినోళ్ళు ఒంటిమీదికొచ్చి పలుకుతున్నారని వింటే చాలు, ఆదివారం ఎర్రబస్సెక్కి వెళ్ళిపోతారు. అడిగేది మాత్రం ఇదే ప్రశ్న. మెదడువాపుతో పోయిన కూతురి గురించి. ఇంతవరకూ నెగ్గినవాళ్ళు లేరు. ఇవాళ బొల్లాపల్లిలో లింగమ్మ వంతు. ఓడితే గద్దె ఎత్తెయ్యాలని పందెం.

లింగమ్మ జుట్టు విరబోసుకుని ఊగుతోంది.

“దాహమంది... జొరంతో కాలిపోతా దాహమంది.”

మాస్టారు ముందుకు వంగారు. “ఎవరితో?”

“నీతోనే అయ్యా. నీ చెయ్యి పట్టుకుని ‘నాన్నా, నీళ్ళు’ అంది. నువ్వే గొంతులో పోశావు.”

మాస్టారు మెల్లిగా వెనక్కి జరిగారు.

“తప్పు,” అన్నారు నీరసంగా.

“విన్నారుగా!” ఆయన వెంట తిరిగే బాబూరావు ఎగిరి లేచాడు. “అంతా బూటకం! ఇంక గద్దె ఎత్తెయ్యాల్సిందే!”

కుర్రాళ్ళు ఈలలేశారు. జనాన్ని తోసుకుంటూ హజ్రా బీ వచ్చింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు మౌలాలీ. క్వారీలో బండ మీదపడి పోయాడు. అప్పట్నుంచీ వారం వారం ఇక్కడికొచ్చి, లింగమ్మ నోట ‘అమ్మీ’ అని పిలిపించుకుని పోతోంది.

“సారూ, నీ కాళ్ళు పట్టుకుంటా. ఆమెను మానిపించొద్దు. నా బిడ్డను మళ్ళా చంపొద్దు.”

“అది మీవాడి గొంతు కాదమ్మా.”

“ఆ సంగతి నాకు తెలవదా ఏంది? నన్ను అమ్మీ అని పిలవడానికి ఇంకెవరున్నారు సారూ?”

పందెం పందెమే. లింగమ్మ పసుపు చేతులు కొంగుకి తుడుచుకుని, గద్దె మీద దీపం తనే కొండెక్కించింది. హజ్రా బీ అక్కడే కూలబడి బావురుమంది.

తిరుగు బస్సులో బాబూరావు హుషారు పట్టలేకపోతున్నాడు.

“ఏం ప్రశ్న మాస్టారూ! ఎంత గడుసోళ్ళైనా నోరు మూసుకోవాల్సిందే. గురజాల అవతల ఇంకొకామె ఉందంట. ఆమైతే నిజంగానే పలికిస్తదని జనం చానా నమ్ముతున్నారు.”

“నిజంగానా?” మాస్టారు గబుక్కున ఇటు తిరిగారు.

బాబూరావు పగలబడి నవ్వాడు. “మీరు కూడా అట్టా అడిగితే ఎట్టా మాస్టారూ! పోదామా మరి?”

“పోదాం. వచ్చే ఆదివారమే పోదాం.”

బస్సు గతుకుల్లో ఊగుతోంది. బాబూరావు గొంతు తగ్గించాడు.

“ఎన్నాళ్ళనుంచో అడగాలనుకుంటున్నా. తప్పుగా అనుకోకండి. ఇంతకీ పాప చివరికి ఏమంది?”

మాస్టారు కళ్ళద్దాలు తీసి కిటికీ వైపు తిరిగారు.

“నేను ఆస్పత్రికి వెళ్ళేసరికే పోయింది, బాబూరావూ.”