ఐదడుగుల మూడంగుళాలు

ఈ ఉదయం మాచర్ల బస్టాండు దగ్గరి ఫ్లెక్సీలో అంకారావు పక్కనున్న నాయకుడంత ఎత్తున్నాడు. కంప్యూటర్లో సాగదీశారు.

మా కాలేజీ నుంచి ప్రొఫెషనల్ కబడ్డీ లీగుకు వెళ్తున్న మొదటివాడని ఈరోజు అతనికి సన్మానం. శాలువా కప్పడానికి కాలేజీలో ఆటలు నేర్పే చలపతిరావు సార్ లేచారు. మూడేళ్ల క్రితం, కూతకెళ్తే ఎవరికీ చిక్కని అంకారావును యూనివర్సిటీ సెలెక్షన్లలో పొట్టివాడని వెనక్కి పంపింది ఆయనే.

అంకారావు శాలువాను చేత్తో ఆపి, జేబులోంచి టేపు తీశాడు.

"ముందు కొలవండి సార్."

"ఇప్పుడేందిరా ఇది, అందరి ముందు?"

"అప్పుడూ అందరి ముందే గదా కొలిచారు. 'నిన్ను జేబులో ఏసుకుపోతార్రా' అన్నారు. చానా నవ్వారు సార్ ఆరోజు."

సార్ వంగి కొలిచారు.

"మైకులో చెప్పండి."

"ఐదడుగుల మూడంగుళాలు."

"అప్పుడెంత?"

"అంతే."

"మరి ఈ మూడేళ్లలో నేనేం పెరిగానని సార్ ఈ శాలువా?"

సార్ తల దించుకున్నారు. హాల్లో మొదట చప్పట్లు కొట్టింది నేనే. చేతులు మండేదాకా కొట్టాను.

సాయంత్రం సార్ స్కూటర్ వెనక కూర్చుని ఇంటికొచ్చాను. ఆయన మా నాన్న.