ఓటు పాఠం

"శనివారం ఓటెయ్యడానికి ఎవరెవరు వెళుతున్నారు?"

రామచంద్ర అడిగిన ప్రశ్నకి క్లాసులో ఒక్క చెయ్యీ లేవలేదు.

టూంగాబీ కమ్యూనిటీ హాల్లో బుధవారం సాయంత్రం క్లాసు అది. ఈ దేశానికి వలసొచ్చి, పగలంతా పనిచేసి వచ్చే తెలుగు పెద్దవాళ్లకి ఇంగ్లిషూ, పౌరసత్వ పరీక్షకి కావలసిన పాఠాలూ చెబుతాడు రామచంద్ర. ఫీజేమీ లేదు. పౌరులైపోయిన వాళ్లు కూడా ఇంగ్లిష్ కోసం వస్తూనే ఉంటారు. ఇప్పుడు ఎదురుగా కూర్చుని నేల చూపులు చూస్తున్నది వాళ్లే.

"సాటర్‌డే నాకు షిఫ్టండి," అంది అమృతం. ముసలివాళ్లని చూసుకునే కేర్ హోమ్‌లో పనిచేస్తుందామె.

"మావాడు ఎవరికి వెయ్యమంటే వాళ్లకే వేస్తాను మాస్టారూ. ఇంట్లో గొడవెందుకు?" అంది శేషుకుమారి.

గోడౌన్లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఎలియాజర్ నవ్వాడు. "నేనైతే ఖాళీ పేపర్ మడిచి పెట్టెలో పడేస్తానండి. పేరు టిక్కయిపోతే ఇంక ఓటెయ్యలేదని ఫైనుండదు కదా!"

రామచంద్ర చేతిలో మార్కర్‌ని బల్లమీద కొట్టాడు. దాని మూత ఎగిరి ఎక్కడో పడింది.

"ఏడాదంతా నేను చెప్పింది ఇదేనా? కౌన్సిల్‌వాళ్లు ఈ హాలు జిమ్‌కి లీజుకిచ్చేద్దామంటున్నారు. క్లాసు ఉండాలంటున్న అభ్యర్థి మన వార్డులో మార్క్ ఒక్కడే. పోయినసారి కొద్దిలో ఓడిపోయాడు. ఈసారీ ఓడితే మనకి ఈ గది ఉండదు. అమృతం! సెలవివ్వనన్న మేనేజర్ని రూల్ చూపించమని నిలదీశావే, ఆ మాటలు ఎక్కడ నేర్చుకున్నావు?"

"ఇక్కడేనండి."

"మీకొక్కరికే పట్టింది సార్ ఈ ఓటు పిచ్చి," అన్నాడు ఎలియాజర్. "అంత ఇదైతే మా ఓట్లు కూడా మీరే గుద్దేసుకోండి. మనూళ్లో చెయ్యలేదా ఏంటి!"

అందరూ పగలబడి నవ్వారు. రామచంద్ర నవ్వలేదు. బోర్డువైపు తిరిగి, ఓటు కాగితం మీద అభ్యర్థుల పేర్ల పక్క గళ్లలో ఇష్టమైన వరసన అంకెలు ఎలా వెయ్యాలో మళ్లీ మొదటినుంచి రాశాడు.

క్లాసయ్యాక అమృతం కుర్చీల కింద వెతికి, ఆ మూత తెచ్చి మార్కర్‌కి పెట్టింది. ఆ రోజుకి అదొక్కటే ఊరట.

శనివారం పొద్దున్నే, పోలింగ్ జరిగే ప్రైమరీ స్కూలు గేటు దగ్గర నిలబడ్డాడు రామచంద్ర. ఇక్కడ ఎన్నికల రోజు ఆనవాయితీ ప్రకారం ఆవరణలో మాంసం సాసేజ్‌లు, ఉల్లిపాయలు వేగుతున్నాయి. జనం వస్తున్నారు, ఓటేస్తున్నారు, బ్రెడ్డులో సాసేజ్ చుట్టుకుని తింటూ పోతున్నారు. వాళ్లలో తన క్లాసువాళ్లు ఎవరూ లేరు.

ఫోను మీద ఫోను చేశాడు. కొందరు వస్తున్నామన్నారు. కొందరు ఎత్తనే లేదు. ఎత్తిన ఒకాయన షాపింగ్‌లో ఉన్నానని విసుక్కున్నాడు.

మధ్యాహ్నం శేషుకుమారిని ఆమె కొడుకు రాహుల్ కార్లో తెచ్చి దింపాడు. "అమ్మా, ఎలా వెయ్యాలో పార్టీవాళ్లిచ్చిన ఆ బ్లూ పేపర్ చూసి యాజ్ ఇట్ ఈజ్ వేసెయ్. క్విక్‌గా రా, ఇక్కడ పార్కింగ్ లేదు."

ఆమె తీరిగ్గానే బయటికొచ్చింది. ఆ నీలం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రామచంద్ర చేతిలో పెట్టింది.

"నాకు నచ్చినట్టే వేశాను. మావాడికి చెప్పకండి మాస్టారూ."

సాయంత్రం ఎలియాజర్ నిక్కరూ, చెప్పులతో వచ్చాడు. లోపలికెళ్లొచ్చి సాసేజ్ కొనుక్కున్నాడు.

"ఖాళీ కాగితమేనా?" అన్నాడు రామచంద్ర.

"లేదులెండి. మీ మొహం గుర్తొచ్చి చచ్చినట్టు నంబర్లేశాను. మీరెప్పుడేశారు సార్?"

"అమృతం ఇంకా రాలేదయ్యా," అంటూ రామచంద్ర ఫోను తీశాడు.

"సార్, రైళ్లు లేవండి," అంది అమృతం అవతల్నుంచి. "ట్రాక్ వర్కంట. వెస్ట్‌మీడ్ స్టేషన్లో బస్సుకోసం ఎప్పట్నుంచో నిలబడ్డాను. కాళ్లు లాగేస్తున్నాయి. ఇంక నన్నొదిలెయ్యండి."

"ఇంకా టైముంది. అక్కడే ఉండు, కదలకు."

దారి పొడుగునా ఎర్రలైట్లే. రామచంద్ర స్టీరింగ్ మీద చేత్తో బాదాడు. లైట్లని తిట్టుకున్నాడు, రైళ్లని తిట్టుకున్నాడు, ఏడాదంతా తలలూపి తీరా సమయానికి సాకులు చెప్పే తన క్లాసునీ తిట్టుకున్నాడు. వెస్ట్‌మీడ్లో అమృతం యూనిఫారంతోనే కారెక్కింది. ఎక్కుతూనే, "ఇంత దూరం ఎందుకొచ్చారండి," అని నొచ్చుకుంది. అతను కారు తిప్పాడు. వచ్చినదానికంటే వేగంగా వెనక్కి నడిపాడు.

స్కూలు చేరేసరికి సాసేజ్ పొయ్యి ఆర్పేశారు. గేటుకి కట్టిన పోస్టర్లు విప్పేస్తున్నారు. ఇద్దరూ పరుగెత్తారు. హాలు తలుపు మూయబోతున్న ఆఫీసరమ్మాయి వాళ్లని చూసి, రెక్కకి కాలు అడ్డం పెట్టి ఆపింది.

"ఆరు గంటలైపోతోంది, త్వరగా! మీరిద్దరే ఆఖరు," అంది ఇంగ్లిష్‌లో.

అమృతం లోపలికి అడుగుపెట్టి వెనక్కి చూసింది. రామచంద్ర మెట్టుమీదే ఆగిపోయాడు.

"రండి సార్! నాకోసం తిరిగి మీ ఓటు పోగొట్టుకుంటారా?"

"నువ్వెళ్లమ్మా."

"మాకందరికీ అంత చెప్పి, మీరే మానేస్తే ఎలాగండి?"

"ముందు నువ్వెళ్లు!" అని కసిరాడు. క్లాసులో కూడా ఎప్పుడూ అంత గట్టిగా అరవలేదు.

తలుపు మూసుకుంది.

ఇంతమందిని ఈ దేశానికి పౌరుల్ని చేసిన రామచంద్ర, ఇండియా పాస్‌పోర్టు వదులుకోవడానికి మనసొప్పక, తాను మాత్రం ఇంకా ఇక్కడి పౌరుడు కాలేదు.