నాలుగో డ్రమ్ము

"ఎన్ని డ్రమ్ములో ఇప్పుడే తేల్చు యెషయా. నాలుగంటే అతను ఇంటికి. మూడంటే నువ్వు ఇంటికి. నీ చోట్లోకి నేను బొంబాయి నుంచి మనిషిని పిలిపిస్తాను."

క్లబ్ సెక్రటరీ సదాశివ వేలు చూపించింది తుకారాం వైపు. తుకారాం పెద్ద డ్రమ్మును మోకాళ్లకు ఆనించుకుని స్టేజీ చివర కూర్చున్నాడు.

స్టేజీ మధ్యలో కొత్త సెట్టు మెరుస్తోంది. ఇంగ్లండుకు వెళ్లిపోతూ ఓ దొర క్లబ్బుకు వదిలేసిన ట్రంకు పెట్టెలోంచి ఆ పొద్దున్నే బయటికి తీశారు. ఒక సైడ్ డ్రమ్ము, రెండు చిన్న డ్రమ్ములు, జానెడు ఇనప పెడల్. పెడల్‌ను పెద్ద డ్రమ్ముకు బిగించి కాలితో తొక్కితే చాలు, ఒక్క మనిషే నాలుగూ వాయించవచ్చు. పెద్ద డ్రమ్ము కొట్టడానికి వేరే మనిషి అక్కర్లేదు.

పోలీస్ యాక్షన్ ముగిసి ఇంకా నెల కాలేదు. చాన్నాళ్లుగా మూతపడ్డ క్లబ్బులో ఆ రోజే మొదటి డ్యాన్సు. కొత్తగా వచ్చిన మిలిటరీ ఆఫీసర్లను పిలిచారు. చీకటి పడితే కర్ఫ్యూ కాబట్టి మూడింటికే మొదలు.

"మూడు చాలు సార్," అన్నాడు చిన్న డ్రమ్ములు వాయించే యెషయా. "పెద్ద డ్రమ్ము తుకారాం కొడితేనే నా చెయ్యి నడుస్తది."

"బొంబాయిలో ఒక్కడే నాలుగూ వాయిస్తున్నాడయ్యా! ఏమంటారు ప్రభుదాస్ గారూ?"

బ్యాండ్‌మాస్టర్ ప్రభుదాస్ తలెత్తలేదు. మెత్తటి గుడ్డతో తన ఇత్తడి బూర కార్నెట్‌ను తుడుస్తూ, "వీడి ఇష్టమేంటండీ? నాలుగే," అన్నాడు. అంతలోనే, "ఒరేయ్ తుకారాం, తడి చెయ్యి! నా పెట్టె మీంచి తియ్యి!" అని కసిరాడు.

కార్నెట్ పెట్టెను ఆయన తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. లోపలంతా నీలం మఖ్మల్. ఎండైనా వానైనా ఆ పెట్టెలో పడుకోబెట్టకుండా కార్నెట్‌ను గుమ్మం దాటించడు. బ్యాండులో అందరూ చెప్పుకుని నవ్వుకునే చాదస్తం అది.

తుకారాం లేచి నిలబడ్డాడు. "తీస్కోరా యెషయా, పరేషాన్ గాకు. నేను స్టేషన్ల మూటలు మోస్త."

"నోర్ముయ్. ఇన్నేండ్ల సంది నీ దెబ్బ ఇనుకుంటనే కొడుతున్న. కాలితోని తొక్కితే గది డ్రమ్మెట్లయితది? కుట్టు మిషనైతది!"

సెక్రటరీ గడియారం చూసుకున్నాడు. "అన్నాలు తిని రండి. రాగానే పెడల్ బిగించు, లేదా కర్రలు అక్కడ పెట్టి వెళ్లు."

ఇద్దరూ వేపచెట్టు కింద కూర్చుని జొన్నరొట్టె తుంచుకున్నారు. తిరిగొచ్చేసరికి పెడల్ లేదు.

బేరర్లు స్టేజీ కింద దూరి వెతికారు. ట్రంకు బోర్లించారు. యెషయా సంచీ విదిలిస్తే కర్రలు, ఓ జొన్నరొట్టె ముక్క, పాటల పుస్తకం పడ్డాయి.

"ఎక్కడ దాచావ్?" అన్నాడు సదాశివ.

"దేవుని తోడు సార్, నేను తియ్యలే."

అందరికంటే పెద్దగా అరిచింది ప్రభుదాసే. "సిగ్గులేదురా? నా బ్యాండుకే మచ్చ తెచ్చావు గదరా!"

బయట జీపులు ఆగాయి. బూట్ల చప్పుడు వరండా ఎక్కింది. సదాశివ చెమట తుడుచుకున్నాడు.

"సరే. ఇద్దరూ వాయించండి. పెడల్ దొరికేదాకా ఇద్దరూ ఉంటారు. దొరికిన రోజు ఒకడు ఇంటికి. అంతే!"

కుర్చీ పక్కకు కుర్చీ లాక్కుని తుకారాం గుసగుసగా అడిగాడు. "నా కోసం దొంగవైతివారా?"

"నేను గాదురా. నువ్వే దాచినవనుకున్న."

"నేనా? గది ఎట్లుంటదో సుత సక్కగ చూడలే!"

"కొట్టు, కొట్టు. మాస్టర్ సాబ్ చూస్తున్నడు."

మొదటి దెబ్బ తుకారాంది. ఆ వెనకే యెషయా కర్రలు చిటపటలాడాయి. కార్నెట్ లేచింది. పాత వాల్ట్జు డ్యాన్సు పాట. మైనం రుద్దిన నేల మీద జోళ్లు జారుతున్నాయి. కొత్త ముఖాలు, కొత్త యూనిఫాంలు. పాట మాత్రం పాతదే. ఇదే పాటకు ఇక్కడ తిరిగిన వాళ్లు సగం మంది ఓడలెక్కి వెళ్లిపోయారు. తిరుమలగిరి పరేడ్‌లో ఎండకు మాడుతూ, కార్ఖానా బస్తీ పెళ్లిళ్లలో పూలు నెత్తిన పడుతుంటే, ఈ ఇద్దరూ ఇలాగే భుజం భుజం రాసుకుంటూ వాయించారు. అప్పుడూ వీళ్ల ముందు నడిచింది ప్రభుదాసే. అప్పుడు ఆయన జుట్టు నల్లగా ఉండేది.

పాట అయిపోయింది. ప్రభుదాస్ కళ్లు తెరవకుండానే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. అలా ఆయన ఎన్నడూ చేయలేదు. వెనక ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని అందుకున్నారు.

చివరి జీపు కదిలేసరికి ఆకాశం మూసుకొచ్చింది. కర్ఫ్యూ వేళ దగ్గరపడుతోంది. ముగ్గురూ కార్ఖానా దారిన గబగబా నడుస్తున్నారు. సన్నగా జల్లు మొదలైంది.

అప్పుడు చూశాడు యెషయా. మాస్టర్ కార్నెట్‌ను కోటు లోపల పెట్టుకుని గుండీలు బిగించాడు. చేతిలో పెట్టె ఉంది, మూసి, తాళం వేసి.

"మాస్టర్ సాబ్, కార్నెట్ తడుస్తున్నది. పెట్టెల పెట్టున్రి."

ప్రభుదాస్ నడక ఆపలేదు.

"పెడల్‌తో పాటు పట్టదురా."