ఎనిమిదో నంబరు అట్టముక్క

చిరునవ్వు అనే తోడల్లుడి ముఖం చూస్తే చెప్పుల కొట్టు పెద్దల్లుడికి ఒళ్ళు మండిపోతుంది. ఆ పేరు ఊరికే రాలేదు. నిద్రలేచింది మొదలు వాడు నవ్వుతూనే ఉంటాడు. నవ్వడానికి జీతమిచ్చే ఆఫీసు ఉంటే ఈపాటికి మేనేజరయ్యేవాడు. ఇప్పుడా నవ్వుకి మామగారి కారు బహుమానం కాబోతోంది.

"క్లచ్ తొక్కితే మోకాలు పట్టేస్తోంది. కారు చిన్నల్లుడికి ఇచ్చేద్దామనుకుంటున్నా," అన్నారు మామగారు భోజనాల దగ్గర.

పెద్దల్లుడి గొంతులో ముద్ద అడ్డం పడింది. పెళ్ళయినప్పటి నుంచీ ఆ బుల్లి కారును కడిగింది తను. టైర్లకు గాలి కొట్టించింది తను. పాతదే గానీ ఇంజను గడియారంలా నడుస్తుంది. కొట్టుకు సరుకు తెచ్చుకోవడానికి అలాంటి బండి మళ్ళీ దొరకదు. చాకిరీ ఒకడిది, సవారీ ఇంకొకడిది.

అడిగితే ఇవ్వరు. పనికిరాదనుకుంటే పారేస్తారు. పారేసే చోట మనం నిలబడితే చాలు.

మర్నాడు కొట్టులో ఒక చెప్పుల పెట్టె చించి, అట్టముక్కను కొలతకు కోశాడు. మామగారింటికి వెళ్ళి, కారు తుడుస్తున్నట్టు వంగి, ముందు గ్రిల్లుకీ రేడియేటర్‌కీ మధ్య సందులో దాన్ని దూర్చాడు. గాలి తగలకపోతే రేడియేటర్ మాత్రం ఏం చేస్తుంది? నీళ్ళు మరుగుతాయి. ఎందుకు మరుగుతున్నాయో ఎవరికీ అంతుపట్టదు. ఇంత బుర్ర పెట్టుకుని ఇన్నాళ్ళూ చెప్పులమ్ముకున్నానా అని తన మీద తనకే జాలేసింది.

రెండు రోజులు తిరక్కుండా మామగారి ఫోను.

"అల్లుడుగారూ, ఎత్తు రోడ్డెక్కుతుంటే కారు పొగలు కక్కింది. ఇప్పుడైతే వీధి మలుపు కూడా దాటడం లేదు. మెకానిక్‌ని పిలిపించాను. మీరూ ఓసారి రండి."

వీధి మలుపు కూడానా? అట్టముక్కకు ఇంత సత్తువ ఉందని కోసినవాడికే తెలియదు. స్కూటర్ మీద దారిపొడవునా ఈల వేసుకుంటూ వచ్చాడు.

మెకానిక్ బానెట్ ఎత్తి తల లోపల పెట్టేశాడు. పెద్దల్లుడు పోయి సరిగ్గా గ్రిల్లు ముందు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

"నీళ్ళు తగ్గాయేమో చూడవయ్యా," అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

"నిండా ఉన్నాయి."

"ఫ్యాను?"

"తిరుగుతోంది. వేడెక్కితే నీళ్ళు వదిలే థర్మోస్టాట్ కూడా విప్పి వేడినీళ్ళలో వేసి చూశాను. బుద్ధిగా తెరుచుకుంటోంది. ఇటు రండి, చూపిస్తా."

చల్లారిన ఇంజన్‌ని మెకానిక్ మళ్ళీ స్టార్ట్ చేయించాడు. మూత తీసిన రేడియేటర్లో నీళ్ళు బుడబుడమంటున్నాయి. ఇంజన్ ఆపించి, ఆయిల్ మూత విప్పి తిరగేశాడు. దాని అడుగున పాలు విరిగినట్టు తెల్లటి జిగురు.

"ఆయిల్లో నీళ్ళు కలిశాయి సార్. రెండూ కలవకుండా ఆపే హెడ్ గాస్కెట్ పోయింది. వేడికి హెడ్డు కూడా వంగింది. బాగుచేయించే ఖర్చుకి ఇంకో బండి వస్తుంది."

పెద్దల్లుడు నవ్వాపుకోలేక దగ్గాడు. ఎదురుగా అట్ట పెట్టుకుని పేగుల్లో రోగం వెతుకుతున్నాడు మహానుభావుడు. ఇలాంటివాళ్ళు చల్లగా ఉండాలి.

మామగారు నిట్టూర్చారు. "పాత సామాన్లవాడు సాయంత్రం వస్తానన్నాడు. దీనికి బదులు ఏదో పాత మోపెడ్ ఇస్తాడట."

"పాత సామాన్లకా? ఇన్నాళ్ళూ మనల్ని మోసిన బండి మామయ్యగారూ. నేను తీసుకుంటా. బదులు నా స్కూటర్ ఉంచుకోండి. క్లచ్ లేదు, మీ మోకాలికీ హాయి."

"వద్దు అల్లుడుగారూ. పాడైపోయిందని ఇతను మొత్తుకుంటున్నాడుగా."

"మనసుకి నచ్చాక పాడేంటండీ?"

"మీ స్కూటర్ కొని ఏడాది కూడా కాలేదు. నా మాట వినండి, నష్టపోతారు."

"మామాఅల్లుళ్ళ మధ్య లాభనష్టాలా?"

"సరే, మీ ఇష్టం. తర్వాత నన్ననకూడదు." మామగారు మెకానిక్ వైపు తిరిగారు. "నువ్వూ విన్నావుగా?"

"చెవులారా విన్నాను సార్."

చిరునవ్వుకి తెలిసేలోపే కాగితాలన్నీ మార్పించేయాలని పెద్దల్లుడు కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగాడు. కాగితాలు చేతికొచ్చిన రోజున కారును మెల్లగా గేటు దాటించి, నాలుగిళ్ళవతల ఆపాడు. అటూ ఇటూ చూసి అట్టముక్క లాగాడు. దాన్ని ముద్దు పెట్టుకున్నంత పనిచేసి పక్క సీట్లో కూర్చోబెట్టాడు. కాసేపు ఇంజన్ని చల్లారనిచ్చి, నీళ్ళు నింపి బయలుదేరాడు. ఇక చూస్కో.

వీధి మలుపు రానే లేదు. వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీదికెక్కి కూర్చుంది. బానెట్ సందుల్లోంచి ఆవిరి బుస్సుమంది. దిగి, బానెట్ ఎత్తి, గ్రిల్లులోకి తొంగిచూశాడు. అట్ట లేదు. ఉంటే ఎంత బాగుండేదో. ఏం చేయాలో తోచక, ఆ అట్టతోనే రేడియేటర్‌కి విసరడం మొదలుపెట్టాడు.

వెనక నుంచి బాగా తెలిసిన హారన్ వినబడింది. తన స్కూటరే. నడుపుతున్నది చిరునవ్వు. వెనక దర్జాగా మామగారు.

"అయ్యో అన్నయ్యగారూ, అప్పుడే మరిగిందా?" అన్నాడు చిరునవ్వు, నవ్వుతూ.

మామగారు స్కూటర్ దిగలేదు. కళ్ళజోడు సర్దుకుని పెద్దల్లుడి చేతిలోని విసనకర్రను తీరిగ్గా చూశారు.

"దాన్ని పారేయకండి అల్లుడుగారూ. మీ కొట్టు ముద్ర, ఎనిమిదో నంబరు, అన్నీ ఉన్నాయి దాని మీద. దాని పుణ్యమా అని ఎత్తు రోడ్డు మీద గాస్కెట్ పోయిన రోజే మెకానిక్ దాన్ని లాగి నా చేతిలో పెట్టాడు. అది తీసేశాక కూడా కారు మరుగుతూనే ఉంటే, మీరొచ్చేలోపు మళ్ళీ ఉన్నచోటే పెట్టించాను."