తాడు మీద పాఠం

మా తుప్పల్లో ముంగిస మాస్టారు పాము బదులు తాడు వేసి, పిల్లలకు పామును పట్టడం నేర్పేవాడు. పిల్లలు తాడు పీక పట్టుకుంటే తల్లులు మురిసిపోయి అందరికీ చెప్పుకునేవారు.

ఓరోజు బడిలోకి నిజం పామే వచ్చింది.

"మాస్టారూ, ఇది కదులుతోందండీ! మనం నేర్చుకున్నది కదలదు!" అంటూ పిల్లలు మాస్టారి వెనక దాక్కున్నారు. మాస్టారు పిల్లల వెనక దాక్కున్నాడు. ముందు ఎవర్ని కాటెయ్యాలా అని పాము తీరిగ్గా చూస్తోంది.

మూల నిద్రపోతున్న బొండుగాడనే పిల్ల ముంగిస ఉలిక్కిపడి లేచాడు. తన వంతు వచ్చిందనుకుని, అది తాడే అనుకుని, పీక పట్టి కొరికాడు. పాము ప్రాణం దక్కించుకుని పారిపోయింది.

కిటుకు మాస్టారికి వెంటనే అర్థమైంది. ఇప్పుడు బడిలో పాఠానికి ముందు అందరూ నిద్రపోవాలి. "మావాడు నిద్రలో వెనకబడ్డాడండీ, ట్యూషన్ చెప్పండి" అంటూ తల్లులు మాస్టారింటి ముందు వరసకట్టారు.