ఇనుప మోకుకు ఎర్ర గుడ్డ

అక్షరాల్లో తప్పులుంటే దిద్దుకుని చదవండి. అరవై దాటాక పలక పట్టిన చెయ్యి ఇది. ఒత్తు దగ్గర ఇప్పటికీ ఆగిపోతుంది. ఈ కాస్త రాయడానికి పదకొండు రోజులు పట్టింది.

రజాకార్లు తిరిగిన ఏడాది, ఎండాకాలం. నర్మెట్ట దగ్గర మా ఊళ్లో దొర బావి తవ్వుతున్నాం. అరవై అడుగులు దిగాక బండ తగిలింది. బండను పగలగొట్టి ముక్కలను ఇనుప మోకుతో పైకి లాగాలి. సన్నటి ఉక్కు తీగలు పేనిన తాడు అది. పైన గిరక, పక్కన నలుగురు మగవాళ్లు తిప్పే మర. అన్నిటికీ పెద్ద, మిస్త్రీ.

మోకుకు నూనె పట్టించే పని నాది. మర ఆడకముందే దాన్ని నూనె గుడ్డతో ఈ కొన నుంచి ఆ కొన దాకా తుడవాలి. తీగ తెగిన చోట గుడ్డ పట్టుకుంటుంది.

"జర మెల్లగ. గుడ్డ ఆగితె నువ్వు గూడ ఆగు" అనేవాడు మిస్త్రీ.

జానెడు పొడవులో మూడు తీగలు తెగితే ఆయన అక్కడ ఎర్ర గుడ్డ కట్టేవాడు. అది ఉన్నంతసేపు మర తిప్పకూడదు. తెగిన ముక్క కోసేసి, కొత్త క్లిప్పులతో మోకు బిగించాక ఆయనే విప్పేవాడు.

బావిలోకి దిగేది కొమురయ్య. పైకి బండ పోతుంటే కింద పక్కకు జరగడానికి అతనికి చోటుండేది కాదు.

"వదినే, మంచిగ తుడువు. నా పానం నీ గుడ్డలనే ఉన్నది" అనేవాడు దిగే ముందు.

"నీదేం పానం రా, బండ మీద పడ్డా బండే పలుగుతది" అనేదాన్ని. నవ్వుకుంటూ దిగేవాడు.

ఒక సాయంత్రం అందరూ ఇళ్లకు పోయాక తుడుస్తుంటే గుడ్డ పట్టుకుంది. మిస్త్రీ వచ్చి వేలితో లెక్కపెట్టాడు. అయిదు తీగలు. ఎర్ర గుడ్డ కట్టాడు. క్లిప్పులు అయిపోయాయి, జనగామ పోయి తేవాలన్నాడు. రేపు పొద్దుగూకే సరికి వస్తానని చెప్పి నడిచి వెళ్లిపోయాడు.

తెల్లారేసరికి కబురొచ్చింది. రజాకార్లు పక్క ఊళ్లో దిగారు. ఎర్రది కనబడితే ఎర్రజెండా సంఘపోళ్లే అని కొడుతున్నారు, ఒకతన్ని కాల్చేశారు కూడా. మా వాడలో ఎర్ర రవికెలన్నీ కుండల్లోకి పోయాయి. కొమురయ్య పెండ్లాం లచ్చవ్వ ఎండబోసిన మిరపకాయలను చాపతో సహా లోపలికి లాక్కుంది.

బావి మీద ఎర్ర గుడ్డ గాలికి ఊగుతోంది. ఎవడు కట్టిండని అడిగితే ఊరు ఊరంతా ఒకే పేరు చెబుతుంది.

పరుగెత్తి విప్పేశాను. కొంగున ముడి వేసుకున్నాను. వాళ్లు పోగానే మళ్లీ కడదామనుకున్నాను.

ఇంటికి చేరకముందే దొర గడి మనిషి ఎదురొచ్చాడు. గడిలో దిగిన రజాకార్లకు రొట్టెలు కావాలని ఆడవాళ్లను జొన్నలు విసరడానికి తోలుకుపోయాడు. మగవాళ్లను బావికి తోలాడు. ఎర్ర గుడ్డ సంగతి ఎవరికీ చెప్పలేకపోయాను.

గడిలో నేనూ లచ్చవ్వా ఒకే ఇసుర్రాయి దగ్గర కూర్చున్నాం. ఒకే పిడి, రెండు చేతులు. కాసేపటికి దూరం నుంచి మర చప్పుడు వినిపించింది. కిర్రుమని తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది.

తలుపు దగ్గర ఒక రజాకారు తుపాకీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను లేస్తే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెబితే కొంగు విప్పి చూపాలి. కట్టిందెవరో చెప్పాలి.

పక్కన లచ్చవ్వ. "ఏందే, గంత జోరుగ తిప్పుతానవ్?" అంది.

"ఏం లేదు" అన్నాను. ఇసుర్రాయి ఆపలేదు.

నాలుగో బండకు మర చప్పుడు ఆగింది. మళ్లీ వినిపించలేదు.

పొద్దుగూకే వేళ మిస్త్రీ క్లిప్పుల మూటతో వచ్చాడు. అప్పటికి కొమురయ్యను పైకి తీసి, గోనెపట్ట కప్పారు.

"గుడ్డ కట్టిన. నా చేతులతోని కట్టిన" అన్నాడు మిస్త్రీ.

అందరూ నా వైపు చూశారు. మోకు తుడిచేది నేనే కదా.

"నేను చూడలె" అన్నాను.

రజాకార్లు అప్పటికి ఇంకా గడిలోనే ఉన్నారు. వాళ్లు పోయాక చెబుదామనుకున్నాను. వాళ్లు పోయారు. మిలటరీ వచ్చింది, నిజాం పోయాడు. నాకు నోరు రాలేదు.

లచ్చవ్వ మిస్త్రీని తిట్టలేదు. వాకిట్లోకి వచ్చి, "గుడ్డ కట్ట యాది లేనోడివి నీకు మిస్త్రీ పనెందుకన్నా?" అని మాత్రం అడిగింది. ఆ మాటతో ఆయన మోకు పని మానేశాడు. ఊరు కూడా విడిచి భూపాలపల్లి దిక్కు పోయాడు. ఇళ్ల గోడలు కట్టుకుంటూ బతికాడు. కానీ బట్టలు ఆరేసే తీగ కనబడ్డా గుడ్డతో తుడిచి చూసేవాడు. బర్రె పలుపు ఒక్క పోగు తెగితే ఎర్ర పేలిక కట్టేవాడు.

పోయిన ఏడాది కాలం చేసేదాకా, అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఒకటే అడిగేవాడు.

"ఆ పొద్దు నేను కట్టిన్నా, కట్టలేదా?"

ప్రతిసారీ ఒకే జవాబు వచ్చేది.

"మర్చిపోయినవేమో."

"గంతే అయి ఉంటది" అని పళ్లెంలో చెయ్యి పెట్టేవాడు.

గుడ్డ ఇంకా నా దగ్గరే ఉంది. రంగు వెలిసి ఇటుక పొడిలా అయింది. కొసన ఆయన వేసిన ముడి మడతలు మాత్రం పోలేదు.

ఇట్లు, ఉప్పలమ్మ, వయసు ఎనభై నాలుగు, భర్త పేరు మిస్త్రీ కట్టయ్య, ఉండేది రేగొండలో ఆయన కట్టిన ఇంట్లో.