తొక్కుడుబిళ్ల గళ్లలో అక్షరాలు

చుట్టూ హిందీ మాట్లాడే రుఆబాంధాలో మా తెలుగు సంఘం బాలవాడి పిల్లలు హిందీలోనే ఆడుకుంటారు, హిందీలోనే పోట్లాడుకుంటారు. తెలుగు ఎలాగైనా నేర్పాలని టీచరు నూకరత్నం ఆవరణలో తొక్కుడుబిళ్ల గళ్లు గీసి, గడికొక తెలుగు అక్షరం రంగులతో వేసింది.

ప్రారంభించడానికి వచ్చిన సంఘం పెద్ద గురునాథరావు చెప్పులు విప్పేసి, గళ్ల ముందే ఆగిపోయారు.

"ఏటమ్మా ఇది! సరస్వతీదేవిని పిల్లల చేత తొక్కించేస్తావేటి?"

"గెంతుతూ నేర్చుకుంటారని, బాబూ."

"అక్షరాలుండవలసింది తలకి పైన. గళ్లలో ఏబీసీడీలు రాయించు."

"అవి అక్షరాలు కావేటండీ?"

"మనవి కావు కదా!"

మర్నాడే మన అక్షరాలు గోడమీద, పిల్లలకు అందనంత ఎత్తుకు చేరాయి. సంఘం వారు వాటికి పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండ వేశారు.

నెల తిరిగేసరికి, గెంతి గెంతి పిల్లలందరికీ ఏబీసీడీలు వచ్చేశాయి.

గురునాథరావు మురిసిపోయి, తన మనవరాలిని గోడ దగ్గరకు తీసుకెళ్లి 'అ' చూపించారు.

"ఇదేటో చెప్పు తల్లీ."

ఆ పిల్ల కళ్లు మూసుకుని, భక్తిగా చేతులు జోడించింది.

"ఇది కౌన్‌సా దేవుడు, తాతాజీ?"